సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌కు లైసెన్స్ ఎవరిస్తారు? పోలీస్ స్టేషన్‌కు ఎవరిని పిలవాలి?

2013 డిసెంబరు 10న జొహాన్నెస్‌బర్గ్‌లోని స్టేడియంలో నెల్సన్ మండేలా సంస్మరణ సభ జరిగింది. అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా సహా పలువురు దేశాధినేతలు మాట్లాడుతుంటే, పక్కనే నిలబడి ఒక వ్యక్తి చేతులు కదుపుతూనే ఉన్నాడు. వినగలిగే ప్రేక్షకుల్లో చాలామందికి అనుమానమే రాలేదు. బధిరులు మాత్రం వెంటనే పట్టేశారు. ఆ సైగలకు అర్థమే లేదన్నారు.

2017 సెప్టెంబరులో ఫ్లోరిడాలోని మనాటీ కౌంటీ అధికారులు ఇర్మా తుపానుపై హెచ్చరికలు చేసేందుకు ప్రెస్‌మీట్ పెట్టారు. ఇంటర్‌ప్రెటర్‌గా తమ ఉద్యోగుల్లోనే ఒక లైఫ్‌గార్డును నిలబెట్టారు. ఆయన సోదరుడు బధిరుడు కాబట్టి ఆయనకు సైగలు వచ్చు అనుకున్నారు. తీరా చూస్తే ఇళ్లు ఖాళీ చేయాల్సిన సమాచారం మధ్యలో 'పిజ్జా', 'రాక్షసులు' వంటి సంబంధం లేని మాటలు దొర్లాయి.

ఈ రెండు ఘటనల్లోనూ గమనించాల్సిన విషయం ఒకటే. ఇంటర్‌ప్రెటర్ తప్పు చేస్తే, ఆయన్ను పిలిపించిన అధికారికి ఆ సంగతి తెలియదు. తెలిసేది బధిరులకే. కానీ వాళ్లు 'ఈయన చెప్పేది తప్పు' అని అధికారికి చెప్పాలన్నా మళ్లీ ఒక ఇంటర్‌ప్రెటరే కావాలి! డ్రైవర్ సరిగా నడపకపోతే పక్క సీట్లో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. ఇక్కడ అలా తెలియదు. అందుకే 'ఈ మనిషికి ఈ పని వచ్చు' అని ముందే ఎవరో ఒకరు పరీక్షించి చెప్పాలి. లైసెన్స్ అంటే అదే.

మరి మన దేశంలో ఆ పని ఎవరు చేస్తున్నారు? కేంద్రమా, రాష్ట్రమా? లైసెన్స్ లేనివాళ్లు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తే తప్పా? మీ ఇంట్లో అవసరం వస్తే ఏం అడగాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

సైగలు వస్తే చాలదా?

చాలదు. ఎందుకంటే ఇండియన్ సైన్ లాంగ్వేజ్ అంటే తెలుగు మాటలకో, హిందీ మాటలకో చేతి గుర్తులు పెట్టడం కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది. ఉదాహరణకు ప్రశ్నార్థక పదం ఆ భాషలో సాధారణంగా వాక్యం చివర వస్తుంది. 'ఎవరు వచ్చారు' అని మనం అడిగేదాన్ని 'వచ్చారు ఎవరు' అన్న వరుసలో అడుగుతారు. కనుబొమలు, ముఖ కవళికలు కూడా వ్యాకరణంలో భాగమే. చేతులు అవే చూపిస్తున్నా, ముఖం మారితే మామూలు వాక్యం ప్రశ్నగా మారిపోవచ్చు.

అమెరికాలో వాడే అమెరికన్ సైన్ లాంగ్వేజ్ వేరు, మనది వేరు. అక్కడ ఇంగ్లిష్ అక్షరాలను ఒక చేత్తో చూపిస్తారు, ఇక్కడ రెండు చేతులతో చూపిస్తారు. మన దేశంలోనూ ఒక్కో ప్రాంతంలో కొన్ని పదాలకు సైగలు మారతాయి.

ఇంటర్‌ప్రెటర్ పని ఇంతటితో అయిపోదు. విన్నది విన్నట్టు చెప్పాలి. సొంత సలహా కలపకూడదు, ఇబ్బందికరమైన మాటను మింగేయకూడదు, తెలుసుకున్న రహస్యాన్ని బయట పెట్టకూడదు. ఇంట్లోవాళ్లతో వచ్చే సమస్య ఇదే. డాక్టర్ 'గడ్డ క్యాన్సర్ కావచ్చు' అన్నప్పుడు, కూతురు తల్లికి సైగ చేసేటప్పుడు ఆ మాటను తేలిక చేసి చెప్పాలనే చూస్తుంది. అది ప్రేమే కావచ్చు. కానీ ఆపరేషన్ ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టేది తల్లి. ఇక గృహహింస ఫిర్యాదులో భర్తే ఇంటర్‌ప్రెటర్ అయితే ఏమవుతుందో వివరించనక్కర్లేదు.

తప్పు మనిషిని పెడితే కేసు ఏమవుతుంది?

రాజస్థాన్‌కు చెందిన ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు దీనికి మంచి ఉదాహరణ. ఆ కేసులో మృతుడి భార్య కీలక సాక్షి. ఆమె వినలేరు, మాట్లాడలేరు. ట్రయల్ కోర్టులో ఆమె సైగలను ఆమె తండ్రే వివరించారు. ఇంటర్‌ప్రెటర్‌గా ఆయన చేత ప్రమాణం చేయించలేదు. ఆమె ఏ సైగ చేశారో రాయలేదు, తండ్రి చెప్పిన అర్థాన్నే రికార్డు చేశారు.

ఈ లోపాలను సుప్రీంకోర్టు తీవ్రంగా పరిగణించింది. కేసులోని మిగతా బలహీనతలతో కలిపి చూసి, నిందితుణ్ని నిర్దోషిగా వదిలేస్తూ హైకోర్టు ఇచ్చిన తీర్పునే సమర్థించింది. మాట్లాడలేని సాక్షి చెప్పేదానికి కోర్టులో విలువ ఉంటుందని స్పష్టం చేస్తూనే, ఇంటర్‌ప్రెటర్ సాక్షి పరిసరాలు తెలిసినవారై ఉండాలని, కేసుతో ఎలాంటి సొంత ప్రయోజనం లేనివారై ఉండాలని చెప్పింది. సైగనూ దాని అర్థాన్నీ రెండింటినీ నమోదు చేయాలంది.

అంటే ఇంటర్‌ప్రెటర్ విషయంలో చేసిన పొరపాటుకు మూల్యం చెల్లించేది సాక్షే. కళ్లారా చూసినా ఆమె మాట కోర్టులో నిలబడదు.

అమెరికాలో రాష్ట్రాలు ఏం చేస్తున్నాయి?

లైసెన్స్ విషయంలో ఎక్కువ అనుభవం ఉన్నది అమెరికాకే కాబట్టి ముందు అక్కడి పద్ధతి చూద్దాం. అక్కడ మూడు అంచెలున్నాయి.

మొదటిది, కేంద్ర చట్టం. 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్ ప్రకారం ఆస్పత్రులు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు బధిరులతో సరిగా సంభాషించే ఏర్పాటు చేయాలి. అందుకు ఇంటర్‌ప్రెటర్ అవసరమైతే 'అర్హత గల' ఇంటర్‌ప్రెటర్‌నే పెట్టాలి. అర్హత అంటే ఏమిటో కూడా నిబంధనల్లో ఉంది. ఏ పక్షం వహించకుండా, పొల్లు పోకుండా, ఆ రంగానికి అవసరమైన ప్రత్యేక పదజాలంతో రెండు వైపులా చెప్పగలగాలి. 'మీవాళ్లను ఎవరినైనా తెచ్చుకోండి' అని ఆస్పత్రి అనకూడదు. చిన్న పిల్లలను ఇంటర్‌ప్రెటర్‌గా వాడటానికి అత్యవసర పరిస్థితిలో తప్ప వీల్లేదు. ఖర్చును రోగి బిల్లులో వేయకూడదు. అయితే ఈ చట్టం ఫలానా సర్టిఫికెట్ ఉండాలని అడగదు.

రెండోది, వృత్తి సంస్థ. రిజిస్ట్రీ ఆఫ్ ఇంటర్‌ప్రెటర్స్ ఫర్ ది డెఫ్ 1964 నుంచి ఉంది. జాతీయ స్థాయి సర్టిఫికేషన్‌కు రాత పరీక్ష, సైగల్లో చేసి చూపించే పరీక్ష ఉంటాయి. బధిరులే ఇంటర్‌ప్రెటర్లుగా సర్టిఫికేషన్ పొందే వీలూ ఉంది. బడికి వెళ్లని, ఇంట్లో సైగలు తప్ప నేర్చుకోని బధిరుల భావాన్ని మరో బధిరుడే బాగా పట్టుకోగలడన్న అనుభవంతో పెట్టిన విభాగమిది.

మూడోది, రాష్ట్రం. అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఇల్లినాయ్ రాష్ట్రం 2007లో ఇంటర్‌ప్రెటర్ల లైసెన్స్ చట్టం చేసింది. లైసెన్స్‌లో ప్రొవిజనల్ నుంచి మాస్టర్ దాకా నాలుగు స్థాయిలు పెట్టింది. ఏ స్థాయివాళ్లు ఎలాంటి చోట పనిచేయవచ్చో నిబంధనలు చెబుతాయి. మతపరమైన కార్యక్రమాలు, అత్యవసర పరిస్థితులు వంటి కొన్నింటికి మినహాయింపులున్నాయి. టెక్సస్‌ది ఇంకో పద్ధతి. అక్కడి ప్రభుత్వమే సొంత బోర్డు ద్వారా బేసిక్, అడ్వాన్స్‌డ్, మాస్టర్ స్థాయి పరీక్షలు పెడుతుంది. కోర్టుకు విడిగా సర్టిఫికేషన్ కావాలి. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఇంగ్లిష్, స్పానిష్, సైన్ లాంగ్వేజ్ మూడింటిలోనూ పనిచేసేవారికి మరో పరీక్ష ఉంది. ఇక కాలిఫోర్నియాలో అన్ని చోట్లకూ వర్తించే ఉమ్మడి లైసెన్స్ లేదు.

బడుల్లో పనిచేసే ఇంటర్‌ప్రెటర్లకు చాలా రాష్ట్రాలు మరో పరీక్ష వాడతాయి. అందులో 0 నుంచి 5 దాకా స్కోరు వేస్తారు. కనీసం 3.5 రావాలని కొన్ని, 4 రావాలని మరికొన్ని నిబంధన పెట్టుకున్నాయి. డాలస్‌లోనో షికాగోలోనో ఉన్న మీ బంధువుల పిల్లలకు వినికిడి లోపం ఉంటే, బడిలో ఇంటర్‌ప్రెటర్ అర్హత గురించి అడిగేటప్పుడు ఆ రాష్ట్రం నిబంధనే చూడాలి. పక్క రాష్ట్రం నిబంధన అక్కడ చెల్లకపోవచ్చు.

మన దేశంలో లైసెన్స్ ఎవరిస్తారు?

రాష్ట్రాలు ఇవ్వవు. ఉన్న ఏర్పాటంతా కేంద్రం చేతిలోనే ఉంది. అందులో రెండు సంస్థల పేర్లు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. క్లుప్తంగా ఆర్‌సీఐ. దివ్యాంగుల పునరావాస రంగంలో కోర్సులకు అనుమతి ఇచ్చేది, పాసైనవారి పేర్లను కేంద్ర రిజిస్టర్‌లో నమోదు చేసేది ఇదే. 1992లో పార్లమెంటు చేసిన చట్టం దీనికి ఆధారం. నమోదైనవారికి సీఆర్‌ఆర్ నంబరు ఇస్తారు. దాన్ని నిర్ణీత కాలానికి రెన్యువల్ చేయించుకోవాలి.

రెండోది, ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్. దీని ఏర్పాటుకు కేంద్ర కేబినెట్ 2015 సెప్టెంబరు 22న ఆమోదం తెలిపింది. ఢిల్లీలో ఉన్న ఈ సంస్థ 2018లో 3 వేల పదాలతో మొదలుపెట్టిన సైన్ లాంగ్వేజ్ నిఘంటువు 2021 నాటికి 10 వేల పదాలకు చేరింది. ఇంటర్‌ప్రెటర్ల శిక్షణలోనూ దీనిదే ప్రధాన పాత్ర.

ఇంటర్‌ప్రెటర్ కావాలనుకునేవారికి ఉన్న ప్రధాన మార్గం ఆర్‌సీఐ గుర్తింపు పొందిన డిప్లొమా. ఇంటర్ పాసైనవారు చేరవచ్చు. కోర్సు కాలం రెండేళ్లు. బధిరులకు సంబంధించిన జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ ఇన్‌స్టిట్యూట్‌కు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ రంగంలో కోర్సుల గురించి తెలుగువాళ్లు మొదట వాకబు చేయాల్సిన చోటు అదే.

అయితే లైసెన్స్ లేకుండా పనిచేస్తే నేరమా?

ఇక్కడే మెలిక ఉంది.

ఆర్‌సీఐ చట్టంలోని 13వ సెక్షన్ చాలా గట్టిగా కనిపిస్తుంది. రిజిస్టర్‌లో పేరు లేనివారు పునరావాస నిపుణులుగా ప్రభుత్వ ఉద్యోగం చేయకూడదు, ప్రైవేటుగా ప్రాక్టీసూ చేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కానీ 'పునరావాస నిపుణులు' అంటే ఎవరు? చట్టం తన నిర్వచనంలో ఏడు వర్గాలను పేర్కొంది. ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు. వినికిడి యంత్రాల టెక్నీషియన్లు, స్పెషల్ టీచర్లు ఉన్నారు. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ అన్న మాట మాత్రం ఆ ఏడింటిలో లేదు. కేంద్రం నోటిఫై చేసే ఇతర వర్గాలు అంటూ ఎనిమిదో గడి ఒకటి ఉంది. అంటే వినికిడి యంత్రం బాగుచేసే టెక్నీషియన్ పేరు మూల చట్టంలోనే ఉంది. బధిరుల మాటను కోర్టుకు చేరవేసే మనిషి పేరు మాత్రం లేదు.

దీనివల్ల ఆచరణలో జరిగేది ఏమిటంటే, డిప్లొమా, సీఆర్‌ఆర్ నంబరు ఉద్యోగ ప్రకటనల్లో అర్హతలుగా పనికొస్తాయి. అవి ఉన్నవారినే పిలవాలన్న పట్టింపు ఆస్పత్రి కౌంటర్ దగ్గరా, స్టేషన్ రైటర్ బల్ల దగ్గరా ఉండదు.

మిగతా చట్టాలు ఏమంటున్నాయి?

'పిలవండి' అంటున్నాయి. 'ఎవరిని' అన్నది చెప్పడం లేదు.

లైంగిక నేరానికి గురైన మహిళ దివ్యాంగురాలైతే, పోలీసులు ఆమె ఇంటికి గానీ, ఆమె కోరిన అనువైన చోటికి గానీ వెళ్లి ఫిర్యాదు నమోదు చేయాలి. ఆ సమయంలో ఇంటర్‌ప్రెటర్ గానీ స్పెషల్ ఎడ్యుకేటర్ గానీ ఉండాలి, వీడియో తీయాలి. నిర్భయ ఘటన తర్వాత 2013లో వచ్చిన ఈ నిబంధన, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

మాట్లాడలేని సాక్షి వాంగ్మూలం తీసుకునేటప్పుడు కోర్టు ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకోవాలని, దాన్ని వీడియో తీయాలని భారతీయ సాక్ష్య అధినియం 125వ సెక్షన్ చెబుతోంది. సాక్షి మాటలను వివరించే ఇంటర్‌ప్రెటర్ ప్రమాణం చేయాలని 1969 నాటి ప్రమాణాల చట్టం చెబుతోంది. ప్రమాణం నిజాయతీకి హామీ కావచ్చు, నైపుణ్యానికి కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మరింత విస్తృతమైనది. దివ్యాంగులు తమకు నచ్చిన భాషలో, పద్ధతిలో సాక్ష్యం చెప్పేందుకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయాలని 12వ సెక్షన్ అంటోంది. టీవీల్లో సైన్ లాంగ్వేజ్ ఉండాలని 42వ సెక్షన్ అంటోంది. అయితే ఇంటర్‌ప్రెటర్ అంటే ఎవరు, ఏ అర్హత ఉండాలి అన్న నిర్వచనం ఈ చట్టంలోనూ లేదు.

నిందితుడే బధిరుడైతే? నాగరిక్ సురక్షా సంహిత 357వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం ఉండి కూడా విచారణను అర్థం చేసుకోలేని నిందితుడి విషయంలో కోర్టు విచారణ కొనసాగించవచ్చు. శిక్ష పడే పరిస్థితి ఉంటే కేసును హైకోర్టుకు పంపాలి. అంటే తన మీద ఏం ఆరోపణ ఉందో తెలియకుండానే ఒక మనిషి విచారణ మొత్తం ముగిసే అవకాశాన్ని చట్టమే ఊహించింది. మంచి ఇంటర్‌ప్రెటర్ దొరికితే ఈ సెక్షన్ అవసరం చాలా కేసుల్లో రాదు.

2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ సాయంతో వాదన వినిపించారు. అది మంచి ఆరంభమే. మరి మండల కేంద్రంలోని స్టేషన్‌కు ఆ సౌకర్యం ఎప్పుడు వస్తుంది?

స్పష్టంగా చెప్పిన నిబంధన ఒక్కటైనా ఉందా?

ఉంది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో నిబంధనలు. వీటిని 2020లో సవరించి కొత్తగా ఇచ్చారు. ఇందులో 5వ నిబంధన చదివితే, ఇంత సూటిగా రాయడం సాధ్యమేనని అర్థమవుతుంది.

ఒకటి, ప్రతి జిల్లాలోనూ జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ ఇంటర్‌ప్రెటర్లు, అనువాదకులు, స్పెషల్ ఎడ్యుకేటర్ల రిజిస్టర్ నిర్వహించాలి. పోలీసులకు, కోర్టుకు ఆ జాబితా అందుబాటులో ఉండాలి.

రెండు, సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌కు గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి గానీ, ఆర్‌సీఐ గుర్తించిన సంస్థ నుంచి గానీ సంబంధిత అర్హత ఉండాలి. జాబితాలో లేనివారిని పిలవాల్సి వస్తే, వారి అనుభవం, శిక్షణ, భాష మీద పట్టు చూసి సడలింపు ఇవ్వవచ్చు.

మూడు, డబ్బు. పారితోషికాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అది కనీస వేతనాల చట్టం కింద నైపుణ్యం గల కార్మికుడికి ఇచ్చేదానికంటే తగ్గకూడదు. జువెనైల్ జస్టిస్ ఫండ్ నుంచో, యూనిట్ దగ్గరున్న ఇతర నిధుల నుంచో ఇవ్వాలి.

జాబితా, అర్హత, చెల్లింపు. లైసెన్స్ పద్ధతికి కావాల్సిన మూడూ ఇందులో ఉన్నాయి. కానీ ఇది పోక్సో కేసుల వరకే. బాధితురాలి వయసు 17 అయితే అర్హత గల ఇంటర్‌ప్రెటర్‌ను కోరే నిబంధన ఉంది. 19 అయితే 'ఇంటర్‌ప్రెటర్' అన్న ఒక్క మాట మాత్రమే ఉంది.

రాష్ట్రాలు సొంతంగా లైసెన్స్ పెట్టవచ్చా?

రాజ్యాంగం అందుకు తలుపు మూసేయలేదు. పోలీసు వ్యవస్థ, ప్రజారోగ్యం, ఆస్పత్రులు, దివ్యాంగుల సహాయం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. 'న్యాయ, వైద్య, ఇతర వృత్తులు' ఉమ్మడి జాబితాలోని 26వ అంశం. కేంద్ర చట్టానికి విరుద్ధం కానంతవరకు రాష్ట్రాలు ఈ వృత్తిపై నిబంధనలు చేసుకునే వీలుంది. చట్టం దాకా వెళ్లకుండానే, 'మా స్టేషన్లలో, మా ఆస్పత్రుల్లో ఈ అర్హత ఉన్నవారినే పిలుస్తాం, ఇంత చెల్లిస్తాం' అని ఒక జీవో ఇచ్చినా పని మొదలవుతుంది.

రాష్ట్రం తప్పనిసరిగా పూనుకోవాల్సిన భాగం ఇంకొకటి ఉంది. అది తెలుగు.

ఇంటర్‌ప్రెటర్ పని రెండు భాషల మధ్య. సైన్ లాంగ్వేజ్‌లో ఎంత దిట్ట అయినా, అవతలి భాష హిందీ లేదా ఇంగ్లిష్ మాత్రమే అయితే మన ఎస్ఐ ముందు ఆ మనిషి సగం ఇంటర్‌ప్రెటరే. 'వాంగ్మూలం', 'పంచనామా', 'జామీను' అన్న మాటలు అర్థం కావాలి. 'కడుపులో తిప్పుతోంది', 'ఒళ్లు తూలుతోంది' అని డాక్టర్‌కు తెలుగులో చెప్పగలగాలి. శ్రీకాకుళం బధిరుడి సైగకూ ఆదిలాబాద్ బధిరుడి సైగకూ తేడా ఉంటే పట్టుకోవాలి. ఢిల్లీలో పెట్టే పరీక్ష ఇదంతా తేల్చలేదు. పోక్సో నిబంధనలు రాష్ట్ర అధికార భాషతో పరిచయం ఉండాలని అడగడంలో అర్థం ఇదే. టెక్సస్ మూడు భాషల పరీక్ష పెట్టుకున్నది కూడా ఇలాంటి స్థానిక అవసరంతోనే.

కాబట్టి ఇది కేంద్రమా రాష్ట్రమా అన్న పోటీ కాదు. సైన్ లాంగ్వేజ్ వచ్చని కేంద్ర రిజిస్టర్ ధ్రువీకరించాలి. తెలుగు, స్థానిక పదజాలం, కోర్టు లేదా వైద్య శిక్షణను రాష్ట్రం పరీక్షించాలి. పోక్సో కింద ఉన్న జిల్లా రిజిస్టర్‌ను వయసుతో పని లేకుండా స్టేషన్లు, కోర్టులు, ప్రభుత్వాస్పత్రులు అన్నింటికీ వర్తింపజేయాలి. కొత్త వ్యవస్థ కట్టక్కర్లేదు, ఉన్నదాన్ని విస్తరిస్తే చాలు.

లైసెన్స్ తప్పనిసరి చేస్తే నష్టం ఉండదా?

ఉంటుంది. దాన్ని దాచకూడదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల మందికి పైనే. శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్లు ఆ అవసరానికి ఏమాత్రం సరిపోరు. రేపటి నుంచి లైసెన్స్ ఉన్నవారే రావాలంటే, చాలా చోట్ల అసలు ఎవరూ రారు. ఫిర్యాదు వాయిదా పడుతుంది.

రెండో నష్టం, బధిర తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలకు. వాళ్లకు ఇది మాతృభాష. మాటలకంటే ముందు సైగలు నేర్చుకున్నవారూ ఉంటారు. డిప్లొమా లేదని అలాంటివారిని పక్కన పెడితే, ఉన్న నైపుణ్యాన్ని వదులుకున్నట్టే. అలాగని తమ ఇంటి కేసులో వాళ్లే ఇంటర్‌ప్రెటర్లు కావడమూ సరికాదు.

అందుకే తలుపు ఒక్కసారిగా మూయకుండా మెట్లు కట్టాలి. ఇల్లినాయ్‌లో ప్రొవిజనల్ లైసెన్స్ ఉన్నట్టు, అనుభవం ఉన్నవారిని నేరుగా పరీక్షించి తాత్కాలిక గుర్తింపు ఇవ్వవచ్చు. బ్యాంకులో పనికి, హత్య కేసులో వాంగ్మూలానికి ఒకే స్థాయి అడగనక్కర్లేదు. అత్యవసర వైద్యానికి మినహాయింపు ఉండాలి. మనిషి రాలేని చోట వీడియో కాల్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను కలిపే ఏర్పాటు ఉంటే, ఒక్కరే రోజులో అనేక స్టేషన్లకు అందుబాటులో ఉండగలరు. ఇక పరీక్ష పెట్టే బోర్డులో బధిరులు ఉండి తీరాలి. సైగ సరిగా ఉందో లేదో తేల్చగలిగేది వాళ్లే.

మీకు అవసరం వస్తే ఏం చేయాలి?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ ఆఫీసులోనో బధిరులు ఉంటే ఇవి గుర్తుంచుకోండి.

మొదట ఆ వ్యక్తినే అడగండి. సైన్ లాంగ్వేజ్ వచ్చా, రాసి చూపిస్తే చాలా, పెదాల కదలిక చదువుతారా అన్నది వాళ్లే చెప్పాలి. సదరం సర్టిఫికెట్ వినికిడి లోపం ఎంత శాతమో చెబుతుంది. ఆ మనిషితో ఎలా మాట్లాడాలో చెప్పదు.

ఇంటర్‌ప్రెటర్ కావాలని స్టేషన్‌లో, ఆస్పత్రిలో కాగితం మీద రాసివ్వండి. తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటకు రికార్డు ఉండదు.

వచ్చినవారిని మూడు ప్రశ్నలు అడగండి. సీఆర్‌ఆర్ నంబరు ఉందా? ఈ కేసుతో గానీ ఈ కుటుంబంతో గానీ సంబంధం ఉందా? ఇలాంటి చోట ఇంతకుముందు పనిచేశారా? నంబరును ఆర్‌సీఐ దగ్గర సరిచూసుకోవచ్చు. ఇంటర్‌ప్రెటర్‌తో ఆ బధిర వ్యక్తి ఐదు నిమిషాలు మామూలు సంభాషణ జరిపి, అర్థమవుతోందో లేదో చెప్పే అవకాశం ఇవ్వండి. అర్థం కాకపోతే మరొకరిని అడగడం తప్పు కాదు.

బాధితులు 18 ఏళ్ల లోపువారైతే జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ రిజిస్టర్ నుంచి ఇంటర్‌ప్రెటర్‌ను కోరండి. ఆ ఖర్చు మీది కాదు.

చట్టం వీడియో తీయమన్న చోట వీడియో తీస్తున్నారో లేదో చూసుకోండి. ఇంటర్‌ప్రెటర్ తప్పు చెప్పారని తర్వాత నిరూపించాలంటే ఆ వీడియోనే ఆధారం.

దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 15100. హక్కుల చట్టం అమలు కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. కమిషనర్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా వేసే వీలు ఈ చట్టంలో ఉంది.

చివరగా, మీకు బధిరులతో పని లేకపోయినా చేయగలిగింది ఒకటుంది. మీ జిల్లా బాలల పరిరక్షణ యూనిట్ రిజిస్టర్‌లో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్లు ఎంతమంది ఉన్నారు, గత ఏడాది ఎన్నిసార్లు పిలిచారు, ఎంత చెల్లించారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. అక్కడ సున్నా అని జవాబు వస్తే, మీ జిల్లాలో మాట్లాడలేని బిడ్డ రేపు స్టేషన్ మెట్లెక్కితే ఆ బిడ్డ మాట ఎవరికీ అర్థం కాదని అర్థం.